మధ్య గడి

ఎవరి ఫోను చేతికి వచ్చినా అతను ముందు చొక్కా కొసతో దాని తెర తుడిచేవాడు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. ఆ తర్వాత, తెచ్చినవాళ్ళు బాధ చెప్పడం పూర్తికాకముందే, సెట్టింగుల్లోకి వెళ్ళి చివరి అప్‌డేట్ ఎప్పుడు జరిగిందో చూసేవాడు. చూసి, నాడి పట్టుకుని పెదవి విరిచే వైద్యుడిలాగా నిట్టూర్చేవాడు.

అందుకే చుట్టాలందరికీ అతను అప్‌డేట్. పిల్లలకు అప్‌డేట్ మామయ్య. కోపం వస్తే భార్య కూడా ఆ పేరే వాడేది. ఒక బీమా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడం అతని ఉద్యోగం. మెట్ల కింద కిటికీ లేని గది అతనిది. అందులో చిక్కుపడ్డ వైర్లు, మూత ఊడదీసిన పెట్టెలు, ఒక పాత ఫ్యాను. ఆ గదిలోకి వచ్చినవాళ్ళెవరూ అతని అభిప్రాయాలు వినకుండా బయటపడలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

పారని నీళ్ళకు నాచు పడుతుంది, సాఫ్ట్‌వేరూ అంతే అనేవాడు. అప్‌డేట్ వచ్చినప్పుడు ‘తర్వాత’ అని నొక్కేవాళ్ళంటే అతనికి పడదు. ఇంటికి వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి తలుపు వేసుకోవడమే అది. ప్రింటరు అలిగిన అల్లుడు. దాన్ని తిట్టకూడదు, బతిమాలకూడదు, కాసేపు వదిలెయ్యాలి. చవక చార్జరు కొన్నవాడు ఫోనుకు విషం పెట్టినవాడు. అన్నిటికన్నా గట్టి అభిప్రాయం ఒకటుంది. మన ఫోనులోది మన ఫోనులోనే ఉండాలి. ఎక్కడో ఉన్న కంపెనీవాడి గిడ్డంగిలో మన మాటలు దాచుకోవడం ఏమిటి, పక్కింటివాళ్ళ బీరువాలో మన బట్టలు పెట్టుకున్నట్టు?

ఇవన్నీ ఓపిగ్గా విని, చివర్న ఒక్క మాటతో కూల్చేవాడు బావ. అక్క మొగుడు. కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేసేవాడు. మాటకారి. కొట్టుకొచ్చినవాళ్ళు చూపు సంగతి మరిచిపోయి కూర్చుని నవ్వేవాళ్ళు. “నీకు పెళ్ళయి ఇన్నేళ్ళయింది కదరా, మా చెల్లెమ్మకు నువ్వెప్పుడు అప్‌డేట్ అవుతావు?” అనేవాడు అందరి ముందూ.

ఆ గొంతుకే జబ్బు వచ్చింది. గొంతులో మాటపెట్టె తీసెయ్యడం తప్ప దారి లేదన్నారు. తీసేశారు. బావ బతికి ఇంటికి వచ్చాడు, మాట ఆసుపత్రిలో ఉండిపోయింది.

అప్పుడు అప్‌డేట్ ఒక మంచి ఫోను కొని బావ చేతిలో పెట్టాడు. తెలుగులో టైపు చెయ్యడం నేర్పాడు. బావ వేళ్ళు అద్దాలకు అలవాటు పడ్డవి, అక్షరాలకు కాదు. ఒక్కో మాటకు చాలాసేపు పట్టేది. సగంలో విసిగి ఫోను పక్కన పడేసేవాడు. అప్‌డేట్ ఓపిగ్గా చూపించాడు. అక్షరాల పైన మూడు గడులున్నాయి చూడు బావా, నువ్వు ఎక్కువగా ఏ మాట తర్వాత ఏ మాట వాడతావో ఇది గుర్తుపెట్టుకుంటుంది, కొన్నాళ్ళకు నువ్వు మొదలుపెట్టక ముందే అదే అందిస్తుంది, మధ్య గడి నొక్కితే చాలు. బావ నమ్మలేదు. నెల తిరిగేసరికి నమ్మాడు.

ఆ తర్వాత రెండేళ్ళూ ఆ ఇంట్లో మాట అంటే ఆ ఫోనే. బావ ఒక ఖాళీ పేజీ తెరిచి టైపు చేసి అక్క ముఖం ముందు పెట్టేవాడు. ఆమె చదివి జవాబు చెప్పేది. ఆయన చెరిపేసి మళ్ళీ రాసేవాడు. మాట్లాడుకునేవాళ్ళెవరూ మాటలు దాచుకోరు కదా. దెబ్బలాడుకున్నా అంతే. ఆయన టైపు చేస్తున్నంతసేపూ ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆగాల్సి వచ్చేది, ఆగేసరికి సగం కోపం పోయేది. బావ అప్‌డేట్‌కు మాత్రం మెసేజీలు పంపేవాడు, రోజుకో వెక్కిరింత.

జబ్బు తిరగబెట్టింది. బావ పోయాడు.

ఏడాది గడిచాక ఒక ఆదివారం అక్క ఆ ఫోను తమ్ముడి చేతిలో పెట్టింది. ఆమె ఇంట్లోనే మిషను మీద ఆసుపత్రి సిబ్బందికి తెల్లకోట్లు కుడుతుంది. గది నిండా తెల్లగుడ్డ గుట్టలు. వాటి మధ్య నిలబడి, ఫోను ఈమధ్య ఆగి ఆగి నడుస్తోందని చెప్పింది.

“ఏమీ పోకుండా చూడరా.”

“నా చేతిలో ఏదైనా ఎప్పుడైనా పోయిందా అక్కా?”

ఆ మాట అహంకారంతో అన్నది కాదు. అతను ఫోటోలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాడు. నంబర్లు, మెసేజీలు, బావ ఆసుపత్రి కాగితాల బొమ్మలు, చివరికి పనికిరాని ప్రకటనల బొమ్మలు కూడా వదల్లేదు. అన్నీ వచ్చాయో లేదో తెరిచి చూసుకున్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు. పేరుకున్న చెత్తంతా ఒక్కో యాప్‌లోంచీ ఊడ్చేశాడు. అన్నిటికన్నా బరువెక్కి ఉన్నది కీబోర్డు. దాన్ని కొత్తదాని మల్లే తుడిచి, అప్‌డేట్ చేశాడు. ఫోను లేడిపిల్లలా పరుగెత్తింది.

సాయంత్రం తీసుకెళ్ళి ఇచ్చాడు. మెచ్చుకోలు కోసం కుర్చీలో కూర్చున్నాడు. అక్క చెయ్యి తుడుచుకుని ఫోను అందుకుంది. ఖాళీ పేజీ తెరిచింది. ఏమీ టైపు చెయ్యకుండా బొటనవేలితో పైన మధ్యలో నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఆగింది. అంతా చెరిపేసి మళ్ళీ మొదట్నుంచి నొక్కింది.

“మీ బావ ఏడిరా?” అంది.

అతనికి అర్థం కాలేదు. ఫోటోలన్నీ భద్రంగా ఉన్నాయి, మెసేజీలు కూడా, ఒక్కటీ పోలేదు అన్నాడు. డిస్కు తీసి చూపించాడు. ఆమె దానివైపు చూడలేదు.

“అవి కాదు.”

తర్వాత చెప్పింది. ఎవరికీ చెప్పలేదట, నవ్వుతారని. రోజూ పని ముగించి కోట్లు మడత పెట్టాక ఆ ఖాళీ పేజీ తెరిచేది. మధ్య గడి నొక్కితే ముందు ‘మేడంగారూ’ అని వచ్చేది. పెళ్ళయిన కొత్తలో ఎగతాళికి మొదలుపెట్టిన పిలుపు, ఆయన చివరిదాకా వదల్లేదు. ఇంకోసారి నొక్కితే ‘లైటు’ వచ్చేది, తర్వాత ‘తీసి’, తర్వాత ‘పడుకోండి’. ఒక్కోరోజు వేరే దారి పట్టేది. ‘మేడంగారూ కోపం వచ్చిందా’ అని వచ్చేది. కొన్నిసార్లు అతుకుల బొంత: ‘మందు వేసుకున్నా కానీ మిషను ఆపి రండి వాన పడుకోండి’. దానికీ నవ్వొచ్చేది ఆమెకు. మాట తడబడితే తడబడింది, మనిషి ఆయనే కదా.

చెప్పడం ఆపి ఫోను అతనికి చూపించింది. పేజీలో ‘నేను ఒక ఈ రోజు మీరు’ అని ఉంది. ఎవరి మాటలూ కానివి.

ఆ గడులు మాటలు నేర్చుకుంటాయని బావకు చెప్పింది అతనే. మధ్య గడి మీద బావ వేలు పట్టుకుని పెట్టింది అతనే. ఫోనులో ఏముందో లెక్క చూసుకున్నప్పుడు కీబోర్డు అలా నేర్చుకున్నది అతనికి సామానుగా తోచలేదు, చెత్తగా తోచింది.

“తిట్టక్కా,” అన్నాడు.

“తిట్టడానికేముందిరా. బాగుచేద్దామనే కదా చేశావు.”

ఆ మాట తిట్టుకంటే లోతుగా దిగింది.

మర్నాటి నుంచి మెట్ల కింద గది తలుపు మూసి ఉండేది. పోయినదాన్ని వెనక్కి తెచ్చే ప్రోగ్రాములన్నీ ప్రయత్నించాడు. ఎప్పుడూ ముఖం చూడని తనలాంటి పిచ్చివాళ్ళు ఇంటర్నెట్‌లో చాలామంది ఉన్నారు, వాళ్ళను అడిగాడు. కంపెనీ గిడ్డంగిలో నకలు ఉంటే తిరిగి వస్తుంది, అది ఆన్ చేసి ఉందా అని ఒకతను అడిగాడు. లేదు. ఫోను కొన్న రోజునే ఆ మీట ఆపేసింది అతనే. బావ మాటలు పరాయివాడికెందుకని.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడు ఆకులు వదలడు. బావ తనకు పంపిన మెసేజీలు ఉన్నాయి కదా అని తోచింది. అక్కనడిగి ఫోను మళ్ళీ తెచ్చుకున్నాడు. ఆఫీసులో భోజనాల వేళ, ఇంట్లో వంటగది బల్ల దగ్గర, రెండేళ్ళ వెక్కిరింతలన్నీ ఒక్కొక్కటిగా తన ఫోనులో చదువుతూ ఆ ఫోనులో టైపు చేశాడు. ఒకటే వాక్యం మళ్ళీ మళ్ళీ, గడి నేర్చుకునేదాకా. చదివే పని కాబట్టి చదవక తప్పలేదు. కొన్నిచోట్ల ఆగి కళ్ళు తుడుచుకునేవాడు. భార్య చూసి, అన్నం వడ్డించి వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం ఫోను అక్క ముందు పెట్టాడు. నొక్కి చూడమన్నాడు.

ఆమె నొక్కింది. ‘ఏరా అప్‌డేటూ’ అని వచ్చింది. నొక్కింది. ‘ఇవాళ ఎవరి ఫోను చంపావు’.

ఆమె నవ్వింది. గట్టిగానే నవ్వింది. అతను తలెత్తాడు. ఆమె ఇంకో నాలుగుసార్లు నొక్కింది, చదివింది. నవ్వు మెల్లగా ముఖంలోంచి దిగిపోయింది.

“ఇవి నీతో అన్నవిరా,” అంది.

నీతో ఏమేమి అనేవాడో చెప్పక్కా, కూర్చుని అవన్నీ ఎక్కిస్తాను, ఎన్నాళ్ళైనా సరే అన్నాడు. ఆమె ఒడిలో ఉన్న కోటుకు గుండీ కుడుతూ తల అడ్డంగా ఊపింది.

“నేను చెప్పినవైతే నాకు తెలిసినవే వస్తాయి. ఇదివరకు ఏమొస్తుందో నాకు తెలిసేది కాదు. అందుకే కదరా నొక్కేదాన్ని.”

ఆమె గుండీ కుట్టడం అయ్యేదాకా కూర్చుని లేచాడు. చెప్పులు వేసుకుంటుంటే ఆమె గుమ్మం దాకా వచ్చి, అన్నం తినే వేళకు తినరా, చిక్కిపోయావు అంది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరినవాడు సగం దారిలో మళ్ళి అక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె అప్పటికే మిషను ముందు కూర్చుని ఉంది. ఫోను పక్కనే ఉంది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు.

“ఆ పైన గడులు అసలు కనపడకుండా చెయ్యగలవా?” అని అడిగింది. “పొరపాటున వేలు అటు పోతోంది.”

చెయ్యగలనన్నాడు. నేను ఎక్కించిన బావ మాటలు కూడా ఇక రావు మరి, అన్నాడు. ఆమె మిషను ఆపింది.

“నీవి నీ ఫోనులో ఉన్నాయిగా?”

“ఉన్నాయి.”

“అయితే తియ్యి.”

అది చాలా చిన్న పని. మీట ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా అతనికి తెలుసు. అయినా వెతుకుతున్నట్టు కాసేపు తెర వైపు చూస్తూ ఉన్నాడు. తర్వాత నొక్కాడు. మూడు గడులూ పోయాయి. వాటి చోట ఏమీ మిగల్లేదు. అక్షరాలు కొంచెం పైకి జరిగాయి, అంతే.

ఫోను ఆమెకు ఇచ్చాడు. ఆమె చూడకుండానే కిటికీలో పెట్టి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. అతను ఆ రోజు ఆఫీసుకు వెళ్ళలేదు. నేల మీద గుడ్డల మధ్య కూర్చుని, ఆమె కుట్టి పడేసిన ఒక్కో కోటునూ అందుకుని, మిగిలిన దారపు కొసలు కత్తిరిస్తూ ఉండిపోయాడు.