ఓవెన్‌లో పులిసిన ద్రాక్షారసం

మా తోట అంకుల్ ఇక లేరు. పోయిన నెల ఒక సోమవారం పొద్దున కెనడాలో, ఒషావా ఊళ్లో బస్సు కోసం మంచులో నిలబడి ఉంటే ఆంటీ ఫోన్ చేశారు. "నిద్రలోనే వెళ్లిపోయారమ్మా" అన్నారు. బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు.

ఆయనది పాలకొల్లు వైపు. ఒషావాకు తూర్పున, సరస్సు ఒడ్డునున్న ద్రాక్షతోటలో ఇరవై ఏళ్లు వైన్ తయారుచేశారు. ఆ గట్టు మీద ఎండ దండిగా కాస్తుంది. ఎండ తిన్న పండుకి పంచదార అక్కర్లేదనేవారు. చలికాలం ముందు తీగలను వంచి మట్టి కప్పించేవారు. వసంతంలో ఆ మట్టి తీసేటప్పుడు మాత్రం, నిద్రపోయే పసిపిల్ల మీద దుప్పటి తీసినట్టు తీయమని మా ప్రాణం తీసేవారు.

స్టూడెంట్లు విమానాలకు విమానాలు దిగుతున్న రోజుల్లో వరంగల్ నుంచి నేనూ దిగాను. ఆరుగురు అమ్మాయిలం, ఒక్క ఫ్రిజ్. మాది క్రైస్తవ కుటుంబం కాదు. దగ్గర్లోని ఏజాక్స్ ఊళ్లో ఉన్న తెలుగు చర్చికి నేను వెళ్లింది, నిజం చెప్పాలంటే, ఆరాధన తర్వాత పెట్టే కోడికూర కోసం. అక్కడే అంకుల్ పరిచయమయ్యారు. పార్ట్‌టైమ్ దొరకడం లేదంటే, నడుం వంగుతుందా అని అడిగి, ఆ శుక్రవారమే ద్రాక్ష కోతకు కారెక్కించుకున్నారు.

ఆయన వైన్ నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మేసేవారు. ఇరవై ఏళ్లలో ఒక్క గుక్క మింగలేదు. మింగకుండా ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను.

"రుచి చూసేది నాలుకమ్మా. గొంతుకి ఆశే గానీ రుచి తెలీదు" అన్నారు.

ఈ సంగతి చర్చిలో ఎవరికీ పట్టలేదు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే బల్లారాధనలో పాస్టరుగారు 'ద్రాక్షారసం' అని చదివేవారు, చిన్న గిన్నెల్లో షాపులో కొన్న జ్యూస్ ఉండేది. తను పెంచిన ద్రాక్షల రసం ఒక్కసారి ఆ బల్ల మీదకు రావాలని అంకుల్ కోరిక. వైన్ చేసే చేతులు బల్ల ముట్టకూడదని సంఘపెద్దగారి పట్టుదల. చివరికి ఒక కోతకాలంలో, కృతజ్ఞత ఆరాధనకు పాస్టరుగారు ఒప్పుకున్నారు. పులవకూడదు, అదొక్కటే షరతు.

రసాన్ని పులియబెట్టడమే వృత్తిగా బతికిన మనిషి, దాన్ని ఆపడానికి పెళ్లివారంత హడావుడి చేశారు. కాచితే జామ్ వాసన వస్తుందని కాచలేదు. పచ్చి రసాన్నే డబ్బాలో పోసి, బల్ల సిద్ధం చేసేవాళ్లతో నేను ముందుగా వెళ్తాను కాబట్టి, శుక్రవారం సాయంత్రం నా చేతికిచ్చారు. చల్లగా ఉంటే చాలన్నారు.

ఫ్రిజ్‌లో చెయ్యి పట్టే చోటు లేదు. కాస్త జాగా అయ్యేదాకా అని డబ్బాను ఓవెన్‌లో పెట్టాను. మా ఓవెన్‌లో ఏనాడూ ఏదీ కాల్చలేదు. చలిదేశంలో దోసెల పిండి పులవాలంటే లోపల లైటు వేసి ఉంచాలి కదా, దానికే అది. రసం ఆ పిండి పక్కన రెండు రాత్రులు వెచ్చగా కూర్చుంది. ఆదివారం పొద్దున గుర్తొచ్చి తీస్తే మూత ఉబ్బి ఉంది. పొంగితే శుభమనుకునే ఇల్లు మాది. అలాగే పట్టుకెళ్లాను.

సంఘపెద్దగారు మూత తీయగానే బుస్సుమని నురగ, వెంబడే వాసన. అందరూ అంకుల్ వైపు చూశారు. ఆయన వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. ఒక్కసారి నన్ను చూశారు.

"తప్పు నాదేనండి. చేతి అలవాటు."

ఎవరో షాపుకు పరిగెత్తారు. అంకుల్ ఆ రోజు బల్ల దగ్గరకు రాకుండా వెనక బెంచీలోనే కూర్చున్నారు.

తిరిగి వస్తుంటే కారులో ఏడ్చాను. "అంకుల్, తప్పు నాది. ఫ్రిజ్‌ల జాగ లేక ఓవెన్ల పెట్టిన."

ఆయన ముందు పడీ పడీ నవ్వారు. తర్వాత రోడ్డు మీదే చూపు పెట్టి అన్నారు:

"నా గురించి వాళ్లు ఎప్పుడూ అనుకునేదే కదమ్మా, ఇంకోసారి అనుకున్నారు. నువ్వు కొత్తగా వచ్చావు, నీకు మనుషులు కావాలి. ఊరుకో."

ఊరుకున్నాను. పెద్దల మాట వినడం అంత హాయిగా నాకెప్పుడూ లేదు. అందుకే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆయన మళ్లీ ఆ కోరిక ఎవరినీ అడగలేదు.

సమాధి చేసిన రోజు సంఘం ముందు నిలబడి మొత్తం చెప్పేశాను, ఓవెన్‌తో సహా. ఎవరూ నవ్వలేదు. సంఘపెద్దగారు తల దించుకున్నారు. ఆంటీ మాత్రం మెల్లగా అన్నారు: "ఆ తర్వాత కూడా ప్రతి కోతకీ ఒక సీసాడు రసం తీసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేవారు. ఎవరైనా అడుగుతారేమోనని."

సంఘపెద్దగారు లేచి, ఆంటీ దగ్గరకు వెళ్లి, చివరి కోత సీసా అడిగారు.

మరుసటి ఆదివారం దాన్ని ఆయనే గిన్నెల్లో పోశారు. నేనూ ఒకటి అందుకున్నాను. నల్లద్రాక్షల చిక్కటి రసం, కొంచెం వగరు. ఆరాధనయ్యాక అందరం మంచు పడుతున్న మెట్లు దిగాం. ముసలివాళ్లు, పిల్లలు, పాస్టరుగారు, సంఘపెద్దగారు, అందరి పెదవులూ ఊదారంగులో ఉన్నాయి. ఎవరూ తుడుచుకోలేదు.