లోపల మనుషులున్నారు

మారికుప్పం రైల్వే స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఒక హైస్కూలు ఉంది. అక్కడ పదో తరగతికి లెక్కలు చెప్పే నాగరత్న గొంతు, తోటి టీచర్ల మాటల్లో చెప్పాలంటే, ఆటస్థలం దాటి రోడ్డు మీది ఆటోవాళ్లకు కూడా సూత్రాలు నేర్పేది. ఉపాధ్యాయుల ఒత్తిడి మీద జరుగుతున్న ఒక అధ్యయనం కోసం నేను ఆ బడికి వెళ్లేనాటికి ఆ గొంతు లేదు. ఇక్కడ రాస్తున్నదానిలో కొంత కళ్లారా చూసినది. మిగిలినది ఆమె పలక మీద రాసి చూపించగా, ఆమె తండ్రీ, తరగతి పిల్లలూ చెప్పగా తెలిసినది.

కిందటి ఏడు పదో తరగతి ఫలితాలు పడిపోయాయి. దాంతో హెడ్మాస్టరు వెంకటేశప్ప బడికి ముందొక క్లాసు, బడి విడిచాక మరొక క్లాసు పెట్టారు. నాగరత్న తలనొప్పితోనే నిద్ర లేచేది, టిఫిను మానేసి పరుగెత్తేది, క్లాసులో అరిచేది. రక్తపోటు పెరిగింది. అరిచి అరిచి స్వరతంతువుల మీద కాయలు కాచాయి. డాక్టరు మాట పూర్తిగా మానమన్నారు. గుసగుస కూడా కూడదని, ఇలాగే సాగితే గొంతు తిరిగి రాదని హెచ్చరించారు.

సెలవు పెడితే తరగతి చేజారుతుంది. పబ్లిక్ పరీక్షకు ముందు బడిలోనే పెట్టే ప్రిపరేటరీ పరీక్షలో పిల్లలు నిలబడితేనే తరగతి ఆమెకు ఉంటుందని, లేదంటే మరొకరికి అప్పగిస్తానని వెంకటేశప్ప ముందే తేల్చేశారు. ఆయన కఠినుడేమీ కాదు. బూదికోటలో రాగులు పండించే ఇంట పుట్టి పైకొచ్చిన మనిషి, పైఅధికారుల ఫోను మోగితే ఉలిక్కిపడే మనిషి. ఆయన జేబులోనూ రక్తపోటు మాత్రలు ఉండేవి.

నాగరత్న తండ్రి సుబ్బరాయ, ఆ ఊరి బంగారు గని మూతపడేవరకు షాఫ్టు దగ్గర గంట కొట్టిన ఉద్యోగి. షాఫ్టు అంటే భూమిలోకి నిట్టనిలువుగా దిగే బావి. ఇనుపతాడుకు వేలాడుతూ మనుషులు అందులోకి దిగేవారు, రాయి పైకి వచ్చేది. తాడును లాగే ఇంజను డ్రైవరు దూరంగా వేరే కట్టడంలో కూర్చునేవాడు. అతనికి బావి కనిపించదు. గంట ఎన్నిసార్లు మోగిందన్నదే అతనికి కన్ను.

మౌనం మొదలైన రోజు నాగరత్న కాఫీ కోసం చెంచాతో స్టీలు గ్లాసు మీద ఒకసారి కొట్టింది. సుబ్బరాయ వెంటనే స్టవ్వు ఆర్పేశాడు.

"ఒగటి కొడితే ఆపమని గదమ్మా. కాఫీ కావాల్నంటే రెండు కొట్టు, కిందికి దిగుతాది," అన్నాడు.

ఆమె నవ్వి, మరి మూడైతే ఏమిటని వేళ్లతో అడిగింది. ఆయన ఆమె చేతిలోని గ్లాసు తీసి కింద పెట్టి చెప్పాడు.

"మూడంటే లోపల మనుషులుండారని. రాయినైతే యెంత బిరీన లాగినా అడిగేవాళ్లు లేరు. మనుషులున్నప్పుడు మెల్లగా పోవాల."

మర్నాడు ఆమె బోర్డు మీద ఆ మూడు సైగలే రాసింది. ఒక దెబ్బ పడితే అందరూ పెన్ను దించి ఒక పెద్ద ఊపిరి తీసుకోవాలి. రెండు పడితే లెక్కలో వెనకటి మెట్టుకు దిగాలి. మూడు పడితే ఎవరో తట్టుకోలేకపోతున్నారని అర్థం, అందరూ నెమ్మదించాలి. ఆమె కొట్టేది డస్టరు చెక్కతో. పిల్లల్లో ఎవరైనా బల్ల మీద కొట్టవచ్చు. మేడమ్ ఇంగ వడ్రంగి పని నేర్చినట్లుండాదని నాగేశ్ అనే పిల్లవాడు వెనక బెంచీ నుంచి అన్నాడట. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమేనట, చప్పుడు లేకుండా.

నేను ఎన్నో తరగతి గదులు పరిశీలించాను. మాట్లాడని టీచరు ముందు అంతమంది పిల్లలు ఒక్కసారిగా పెన్నులు దించడం, ఆ గదిలో ఊపిరి ఒక కెరటంలా లేచి తగ్గడం మరెక్కడా చూడలేదు. మొదటిసారి విన్నప్పుడు నా చేతిలోని ప్రశ్నావళి సంగతి మరిచిపోయాను.

అయితే మూడు దెబ్బలు కొట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. ముఖ్యంగా అక్షత. పొద్దున ఆవుల పాలు పితికి బడికొచ్చే ఆ అమ్మాయికి పరీక్ష అంటే కడుపులో తిప్పేది. వాంతి చేసుకుని, సగం పేపరుతో లేచిపోవడమే ఆమెకు అలవాటు. నాగరత్న ఆమెను ఎన్నడూ బలవంతపెట్టలేదు.

ప్రిపరేటరీ పరీక్షలో లెక్కల రోజున వెంకటేశప్ప స్వయంగా కాపలా ఉన్నారు. నాగరత్న ఎదుటి గదిలో ఉంది. నేను వరండాలో ఉన్నాను. పరీక్ష సగంలో బల్ల మీద మూడు దెబ్బలు వినిపించాయి. గదిలో పెన్నులన్నీ ఆగాయి. వెంకటేశప్ప ఎగిరిపడినట్లు లేచారు.

"ఎవరు కొట్టింది? కాపీ సైగనా ఇది? ఏమమ్మా నాగరత్నమ్మా, ఇదేనా మీరు నేర్పింది?"

నాగరత్న గుమ్మంలోకి వచ్చింది. తరగతి పోతోందని ఆమె ముఖంలోనే తెలుస్తోంది. నోరు తెరిచింది. అంతలో అక్షత లేచి నిలబడింది.

"నేనే కొట్టినాను సార్. మూడంటే లోపల మనుషులుండారని. కడుపులో తిప్పినాది. వీళ్లంతా నాకోసరం ఒగ ఊపిరి నిలిచినారు. ఇంగ బాగుండాది సార్, రాస్తాను."

నాగరత్న నోరు మూసుకుంది. వెంకటేశప్ప ఆ పిల్లను కూర్చుని రాయమన్నట్లు చేయి ఊపారు.

ఆ సాయంత్రం, మూడు దెబ్బల సంగతి అప్పటికే విన్న టీచర్లంతా పేపర్లు దిద్దుతున్న స్టాఫ్‌రూములో, ఆయన నాగరత్న దిద్దిన లెక్కల పేపర్లన్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు. జవాబులే కాదు, తప్పులు కూడా ఎవరివి వారివే. అక్షత పేపరు చివరి ప్రశ్న దాకా నిండి ఉంది. మార్కులు అబ్బురపరిచేవేమీ కావు కానీ, తరగతి నిలబడింది.

"క్లాసు మీదేనమ్మా," అన్నారాయన.

అంతలో పైఅధికారి ఫోను వచ్చింది. ఫలితాల శాతం అడుగుతున్నారని ఆయన జవాబుల్ని బట్టి అర్థమైంది. మాట ముగిశాక ఆయన ముఖం పాలిపోయి ఉంది. మాత్రల కోసం జేబు తడుముకున్నారు. తర్వాత వేళ్ల కణుపులతో బల్ల మీద కొట్టారు. ఒకటి, రెండు, మూడు.

నాగరత్న లేచి ఆయన ముందు నీళ్లగ్లాసు పెట్టింది. స్టాఫ్‌రూములో పెన్నులన్నీ ఆగాయి.