పెట్టెలో మిగిలిపోయిన ఊరు

మా మండలాఫీసు కంప్యూటరు ఆపరేటరు చనిపోయాడు. మలేరియా జ్వరం. పెదబయలు సంతలో పిప్పళ్లు అమ్ముకుంటున్న నాకు ఆ కబురు చెప్పినాయన, ఆ నోటితోనే పిప్పళ్ల ధర అడిగాడు. కసిరి పంపేశాను. ఆ కోపం అతని మీద కాదని తర్వాత తెలిసింది.

ఆఫీసు గోడకి ఫ్లెక్సీ కట్టారు. ‘తీరని లోటు’ అట. జ్వరమని రెండ్రోజులు సెలవడిగితే ‘ఔట్‌సోర్సింగ్ వాడికి సెలవేమిటయ్యా’ అన్నవాళ్లే ఆ తాళ్లు బిగించి కట్టారు. చదివే మిత్రులారా, ఆ ఫ్లెక్సీలో లేని సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకుండా ఆయన్ని తలుచుకునే హక్కు నాకు లేదు.

ఆయన పక్క కొండవాడే. నాకు వరసకి మావ. ఆయన చేతికిందున్న కంప్యూటరు ఎంత పాతదంటే, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరుని చేసిన కంపెనీయే వదిలేసి ఏళ్లయింది. కొత్త ప్రింటరు పెడితే గుర్తుపట్టదు. పెన్‌డ్రైవు పెడితే బిగుసుకుపోతుంది. నెట్టుకి కలపొద్దని పైనుంచి కాగితం వచ్చింది. లోపలి బ్యాటరీ చచ్చిపోయి రోజూ పొద్దున్నే అదే పాత తేదీ చూపించేది. ఆయన ముందు తేదీ సరిచేసి, తర్వాతే పని మొదలుపెట్టేవాడు. “దీనికి రోజూ పుట్టినరోజే అల్లుడా, మనకే ముసిలితనం” అని నవ్వేవాడు.

వానాకాలం మా కొండల్లో తేమకి ఉప్పు నీరైపోతుంది. ఆ నెలల్లో ఆయన బల్లకింద పెద్ద బల్బు వెలిగించి, కోడిపిల్లలకి పెట్టినట్టు ఆ పెట్టెకి వెచ్చదనం పెట్టేవాడు. కొత్తది ఇమ్మని ఏటేటా అర్జీ రాసేవాడు.

అంత పాత పెట్టెని ఎందుకు మోశాడంటే, మా పోడు భూముల జాబితా అందులోనే ఉంది. ఏ కొండవాలు ఎవరు దున్నుకుంటున్నారు, ఎంత మేర, హద్దులేమిటి, అన్ని ఊళ్లదీ. కాగితం అర్జీలు రికార్డు గదిలో చెదలు తినేశాయి. జాబితా ఎక్కించిన ప్రోగ్రాం మరో మిషను మీద తెరుచుకోదు. పట్టా రావాలంటే ఆ పెట్టె బతకాలి.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసింది కరపత్రాలు. పాలకులు చెప్పే ప్రతి సాకూ అబద్ధమేనని వాటిలో చదివి, మా ఊరివాళ్లని ముప్పైమందిని వెంటేసుకుని ఒకరోజు ఆఫీసు మీదికి వెళ్లాను. పట్టాలేవంటే “సిస్టం స్లో” అన్నాడు అధికారి. నేను ఆపరేటరు బల్ల దగ్గరికెళ్లి అరిచాను.

“మావా, నీ పెట్టె సర్కారోడి అబద్ధం!”

“అబద్ధమైతే ఇంత బరువుండదు అల్లుడా. నాను మోసినాను కదా.”

జనం నవ్వారు. నా వెంట వచ్చినవాళ్లే నవ్వారు. ఒళ్లు మండిపోయింది. ఆఫీసు ఆగితే గాని బుద్ధిరాదని వరండాలోకొచ్చి మెయిన్ స్విచ్చి కిందికి లాగేశాను. బయట నినాదాలు. లోపల ఆయన వేళ్లు మీటల మీదే ఉన్నాయి, తెర నల్లబడిపోయింది.

ఎవడు లాగాడని అధికారి గర్జిస్తే, “ఎవురూ కాదండి, కరెంటే పోనాది” అన్నాడు ఆయన. మెమో ఆయనకే ఇచ్చారు.

మర్నాడు ఉండబట్టలేక వెళ్లాను. పెట్టె విప్పి, లోపలి పలకలు ఊడదీసి, బడిపిల్లల రబ్బరుతో వాటి అంచులు రుద్దుతున్నాడు. నన్ను చూసి ఒక్క తిట్టూ తిట్టలేదు.

“దీన్ని పడుకోబెట్టాల గానీ నెత్తిమీద కొట్టి పడగొట్టకూడదు గుంటడా. కోపం పెట్టిమీద సూపించకు. పెట్టిలో ఉన్నది మీవోల్లే.”

అంతకు ముందు ఏ కరపత్రమూ నన్ను అలా కూర్చోబెట్టలేదు.

మూడు రోజులకి అది లేచింది. ఆయన పెట్టెకి చెవి ఆనించి విన్నాడు. “టిక్కుటిక్కుమంటంది. డిస్కు పోతాది. బేగి రాసీయాల.” ఆ రోజునుంచి తెరమీద ఉన్నదంతా నోటుబుక్కులోకి చేత్తో ఎక్కించడం మొదలుపెట్టాడు. సాయంత్రం కాగానే ఆ రోజు పేజీలమీద అధికారి సంతకం, ముద్ర.

“ఫోన్‌లో ఫొటోలు తీసేస్తే పోద్ది కదా మావా?”

“ఫొటో సెల్లదంట. ముద్దరున్న కాగితమే సెల్లుతాదంట.”

చెల్లదన్నారని నేను వదిలేశాను. చెల్లకపోయినా తీసి ఉంచాల్సింది. అదీ నా తప్పే.

ఊళ్ల వరసలో మాది చివర. జ్వరం వచ్చింది, సెలవు ఇవ్వలేదు; ఆయనా ఆగలేదు. చివరిసారి చూసినప్పుడు ఆఫీసు బల్ల దగ్గరే దుప్పటి కప్పుకుని రాస్తున్నాడు. ఆసుపత్రికి పదమంటే, “మీ ఊరు మొదలెట్టినాను. మూడ్రోజులు. అయిపోగానే ఎల్దాం” అన్నాడు. ఆ సాయంత్రం ముద్ర వేయించకముందే పడిపోయాడు. మూడు రోజులు ఆయన దగ్గర లేవు. వాటిని వరండాలో స్విచ్చి దగ్గర ఎవడు తినేశాడో మీకిప్పుడు తెలుసు.

ఆయన పోయిన వారానికి కొత్త కంప్యూటరు వచ్చింది. ఇన్నేళ్ల అర్జీలకి జవాబు! పాతదాన్ని తీసుకెళ్లి స్టోరు గదిలో పడేశారు. బతిమాలి తలుపు తీయించుకుని, నేనూ రబ్బరు పట్టుకుని రుద్దాను. లేవలేదు. “డేటా అంతా ఆన్‌లైన్‌లో ఉంటుంది బాబూ” అన్నాడు కొత్త ఆపరేటరు. చూపించమన్నాను. నోటుబుక్కులో ముద్రపడిన పేజీలు చూసి ఎక్కించినంత వరకే ఉంది. మా ఊరు లేదు.

ముద్ర పడని ఆఖరి పేజీ నా దగ్గరుంది, ఆయన భార్య ఇచ్చింది. జ్వరపు చేతిరాత, వరసలు కిందికి జారిపోయాయి. చివర మా ఊరి ముసలమ్మ ఒకామె పేరు. పేరు పక్కన మేర రాయాల్సిన గడి ఖాళీ.

నిన్న ఆమెకి చూపించాను.

“నా పేరుందేటి?”

“ఉంది అప్పా.”

“బూమెంతని రాసినాడు?”

ఖాళీ గడి మీద వేలు పెట్టి చూపించాను. ఆమె నన్ను తన రాగిచేను పై అంచుకి తీసుకెళ్లింది. చినుకులు పడుతున్నాయి. “ఇక్కణ్నించి, అగో, ఆ గెడ్డ దాకా. రాయి” అంది.

ఆయన అక్షరాల పక్కన నా అక్షరం పడితే ఉన్న ఆ కాస్త పేజీ కూడా దొంగ కాగితమైపోతుంది. తడవకుండా దాన్ని చొక్కాలోపల పెట్టుకున్నాను. నేను రాస్తున్నాననే అనుకుంది ఆమె. కింద పారుతున్న గెడ్డ వైపు చాచిన చెయ్యి దించకుండా, వానలో అలాగే నిలబడింది.