కమాన్ కింద మొదటి మనిషి

ఉదయం తొమ్మిది ఇరవైకి కమాన్ కింద ఆసరాగా పెట్టిన కర్రలు ఊడదీశారు. ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ కాలనీలు లేస్తున్న రోజులు. మా కాలనీ ముందు ఆ ఇటుక కమాన్ కట్టిన మేస్త్రీ మా పెదనాన్నే. కర్రలు తీసేటప్పుడు సరిగ్గా దాని కింద నిలబడటం ఆయన అలవాటు. "పడితే ఫస్టు నా మీదనే పడాలె," అనేవాడు.

పడలేదు. నాలుగు రోజులకు ప్రారంభోత్సవం పెట్టారు. పెదనాన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. రిబ్బన్ దగ్గర కాలనీ ప్రెసిడెంటు ఆపాడు.

"మేస్త్రీ, నువ్వు పక్క గల్లీలకెళ్లి రా. కమాన్ కిందికెళ్లి ముందుగాల పెద్దమనుషులు పోవాలె."

"ముందుగాల పోయింది నేనే గద సార్, మొన్న!" అని పెదనాన్న నవ్వాడు.

ఇంకెవరూ నవ్వలేదు.

"జరుగవయ్యా, పరేషాన్ చెయ్యకు."

నేను కమిటీ వాళ్ల పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన మా పెదనాన్న అని చెప్పలేదు. ఆయన ఒకసారి నా వైపు చూసి గల్లీలోకి తిరిగాడు.

తర్వాత కొత్తపేట నుంచి, ఎల్‌బీ నగర్ నుంచి కమాన్ కట్టమని మనుషులు వచ్చేవారు. "నాకు రాదు," అని పంపేసేవాడు. ప్రహరీలు కట్టాడు, నీళ్ల సంపులు కట్టాడు. చనిపోయేదాకా ఇంకో కమాన్ కట్టలేదు.