అక్క హారతిలో ఉలి చప్పుడు

దయ్యాలనీ, గాలి సోకిందనీ ఎవరైనా మొదలుపెడితే వాళ్ల ముఖం మీదే నవ్వే రకం నేను. మాది నంద్యాలలో బట్టల అంగడి. కొలవడం, కత్తిరించడం, మడతపెట్టి ఇవ్వడం. చేతికి దొరకని దాన్ని మా ఇంట్లో ఎవరూ నమ్మరు. దేవుడి సంగతి వేరే అనుకోండి.

ఇప్పుడు రాస్తున్నది దయ్యం సంగతో కాదో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇందులో నేను చేసిన వెధవ పని ఒకటుంది. అది దాచిపెడితే మిగతాది ఎవరికీ అర్థం కాదు.

అంగడి వెనక ఒక గది ఉంది. మూడు గోడలకూ పైదాకా బట్టల తానులే. అందులో మాట్లాడితే మాట మోగదు. అందుకని అక్కడ ఒక మైకు, లాప్‌టాప్ పెట్టుకుని భజనలు, పెళ్లిపాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాను. గొంతునీ వాద్యాలనీ ఏ పాళ్లలో కలపాలో చూసుకోవడాన్ని మిక్సింగ్ అంటారు. అదంటే నాకు పిచ్చి. అన్నం మానేసి కూర్చున్న రోజులున్నాయి.

కానీ నా పాట నా హెడ్‌ఫోన్లలోనే బాగుండేది. ఫోన్లో వేస్తే తబలా ఉండదు. ఆటోలో వేస్తే తబలా తప్ప ఏమీ ఉండదు. గుడి మైకులో వేస్తే రేకుడబ్బా మీద గులకరాళ్లు పోసినట్టుంటుంది.

ఆళ్లగడ్డలో ఓబులేసు అని ఒకతను ఉన్నాడు. నాకంటే చిన్నవాడు. రాతి విగ్రహాలు చెక్కే షెడ్డు పక్కన రేకుల గదిలో రికార్డింగు చేస్తాడు. నా సామానులో సగం కూడా అతని దగ్గర లేదు. అయినా అతని పాట ఫోన్లో బాగుంటుంది, ఆటోలో బాగుంటుంది, ట్రాక్టరులో కూడా బాగుంటుంది. వింటే నాకు ఒళ్లు మండేది.

ఒకసారి అతని పద్ధతి చూద్దామనే వెళ్లాను. పాట తయారయ్యాక పాత రేడియో స్పీకరు ఒకటి తీసుకుని షెడ్డులోకి పోయాడు. చెక్కుతున్న రాళ్ల మధ్య దాన్ని పెట్టి, సౌండు తగ్గించి పాట వేశాడు. చుట్టూ పదిమంది ఉలులతో కొడుతున్నారు.

"ఈ దెబ్బల్లో మాట తెలిసిందంటే ఇంక యాడైనా తెలుస్తాదన్నా" అన్నాడు.

రేకుల గది కాబట్టి అతను రికార్డు చేసే ప్రతి పాటలోనూ సన్నగా ఉలి చప్పుడు వినపడేది. నేను ఎగతాళి చేసేవాణ్ణి. "ఏందప్పా ఓబులేసూ, పాటలో రాళ్లు కొడతాండారు?" అంటే నవ్వేవాడు. వాళ్ల పని ఆపమని ఎట్లా చెప్తామన్నా అనేవాడు. ఆ మంచితనం చూస్తే నాకు ఇంకా మండేది.

మా అక్కను ఇచ్చింది ఆళ్లగడ్డకే. మా అమ్మ పోయి ఆరేళ్లయింది. అమ్మ ప్రతి దసరాకూ మా వాళ్ల గుడి అమ్మవారిశాలలో ఒక మంగళహారతి పాడేది. ఆ పాట అమ్మ తర్వాత అక్కకే వచ్చు. పోయిన సంవత్సరం అక్క గొంతులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ చేస్తే గొంతు మారవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. దసరా అయ్యాక చేయించుకుంటానని, ఈలోపు హారతి రికార్డు చేసిపెట్టమని అక్క నన్ను అడిగింది. మహర్నవమి పొద్దున అమ్మవారిశాల మైకులో వేయడానికి పెద్దలు కూడా సరేనన్నారు.

నా గదిలో రెండు రోజులు పాడించాను. నాలుగుసార్లు ఆపి మళ్లీ మొదలుపెట్టించాను. అక్క పరీక్ష రాసే పిల్లలా నిలబడి పాడింది. మిక్సింగులో గొంతు పెద్దగా, గది నిండినట్టు వినపడాలని ఒక వీడియోలో చూసిన ఉపాయం వాడాను. గొంతును రెండుగా చేసి ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి పెట్టి, అందులో ఒకదాన్ని తలకిందులు చేయాలి. హెడ్‌ఫోన్లలో వింటే నాకే కళ్లనీళ్లు వచ్చాయి.

వారం తర్వాత అక్క ఆళ్లగడ్డ నుంచి వచ్చి నా చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టింది.

"ఓబులేసు దగ్గర కూడా ఒకసారి పాడినా రా శీనా. రెండూ గుడికి మైకు పెట్టే మస్తాన్‌కి ఇయ్యి. ఏది బాగుంటే అది ఏస్తాడు" అంది.

మా అమ్మ పాట, మా అక్క గొంతు, మధ్యలో ఓబులేసు ఎవరు? "ఆయన దగ్గర ఒక్కసారే పాడినా, మధ్యలో యాడా ఆపలేదు" అని కూడా అంది అక్క. ఆమె మామూలుగానే అన్నది. నాకు పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆమె వెళ్లగానే లాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ పెట్టాను. అందులో ఒకే పాట ఉంది. వినలేదు. వింటే నా దానికంటే బాగుంటుందని భయం. తీసేశాను. పెన్‌డ్రైవ్ మొత్తం ఫార్మాట్ చేసి నా పాట ఒక్కటే ఎక్కించాను. ఓబులేసుది పాడైపోయింది, తెరుచుకోలేదు అని అక్కకు ఫోన్లో చెప్పాను. నాలుక తడబడలేదు.

మహర్నవమి రోజు పొద్దున పది గంటలకు హారతి. అక్క ఆళ్లగడ్డ నుంచి వచ్చింది. మస్తాన్ నా ముందే పెన్‌డ్రైవ్ పెట్టి పాట వేశాడు. ముందు హార్మోనియం, తబలా. తర్వాత అక్క గొంతు. వీధిలో ఉన్న కొమ్ము స్పీకర్ల నుంచి ఒక్కో మాటా విడివిడిగా వినపడింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. నా గదిలో పరీక్ష రాసినట్టు పాడిన మనిషి కాదు. వంటింట్లో పని చేసుకుంటూ పాడుకున్నట్టు, తీరిగ్గా పాడుతోంది.

మొదటి చరణం అయ్యాక వినపడింది. టక్, టక్. సన్నగా, వెనకాల ఎక్కడో. మళ్లీ రెండో చరణంలో.

నా ముఖం మాడిపోయింది. ఓబులేసు పాట ఎట్లాగో పెన్‌డ్రైవ్‌లో మిగిలిపోయింది, మస్తాన్ అదే వేశాడు అనుకున్నాను. అక్క ఫోను పైకెత్తి పట్టుకుని రికార్డు చేస్తోంది. కళ్లు తుడుచుకుంటోంది. పాట అవుతూనే పెద్దలు వచ్చి నా భుజం తట్టారు. ఏం చేసినావురా శీనా, మీ అమ్మ వచ్చి పాడినట్టుంది అన్నారు. నేను రెండు చేతులూ జోడించాను. కాదని చెప్పలేదు.

వాళ్లు వెళ్లాక మస్తాన్ దగ్గర చూశాను. పెన్‌డ్రైవ్‌లో ఒకే ఫైలు ఉంది. నాది, నా పేరుతో. అతని దగ్గర వేరే ఏదీ లేదు.

మధ్యాహ్నం పూజకు అదే పెన్‌డ్రైవ్, అదే మైకుసెట్టు, అవే కొమ్ములు. మస్తాన్ మళ్లీ వేశాడు. హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది. పాట చివరిదాకా గొంతు రాలేదు.

"అక్క గొంతు యాడ పోయిందన్నా?" అన్నాడు మస్తాన్.

ఇంటికి వచ్చి ఒక్క స్పీకరులో వేసి చూశాను. గొంతు లేదు. నేను చేసిన ఉపాయం వల్లే అది. మైకుసెట్టు ఎడమనూ కుడినీ ఒకటి చేస్తుంది. తలకిందులు చేసిన గొంతు అసలు గొంతును చెరిపేస్తుంది. పాట ఏదైనా ఒక్క స్పీకరులో విని చూడన్నా అని ఓబులేసు నాకు ఎప్పుడో చెప్పాడు. అతను చెప్పాడనే వినలేదు. ఇది లెక్క ప్రకారం జరిగే విషయం. అంటే నా పాట ఆ కొమ్ముల్లో అక్క గొంతుతో వినపడే వీలే లేదు, పొద్దునైనా సరే.

దగ్గర్లో ఎవరైనా ఏదైనా కొట్టారేమో, ఆ చప్పుడు కలిసిందేమో అని కూడా ఆలోచించాను. ఆ రోజు ఆయుధపూజ. ఊళ్లో ఒక్క పనిముట్టు లేవలేదు. మా అంగట్లో కత్తెర్లు, గజం కడ్డీ కూడా పసుపు కుంకుమలతో పూజలో ఉన్నాయి. ఆ సాయంత్రం ఓబులేసుకు ఫోన్ చేసి, అక్క పాట కాపీ ఇంకొకటి నీ దగ్గర ఉందా అని అడిగాను. లేదన్నా, మెమరీ తక్కువ గదా, అక్కకు ఇచ్చినాంక తీసేసినా అన్నాడు. ఇంకెవరికీ ఇవ్వలేదట.

ఆపరేషన్ అయింది. అక్క బాగానే ఉంది. గొంతు మాత్రం బొంగురుపోయింది, ఇప్పుడు పాడదు. నవమి పొద్దున ఫోన్లో పట్టుకున్న హారతినే రోజూ వేసుకుంటుంది. వచ్చినవాళ్లందరికీ మా తమ్ముడు చేసినాడు అని వినిపిస్తుంది. ఆ రికార్డింగు ఆమె దగ్గర తీసుకుని నేను అన్నిట్లో వేసి చూశాను. ఫోన్లో, ఆటోలో, టీవీలో, నా హెడ్‌ఫోన్లలో. వీధిలో కొమ్ము స్పీకరు నుంచి మామూలు ఫోనులో పట్టిన పాట అన్నిట్లోనూ బాగుంది. నేను ఇన్నేళ్లు కూర్చుని చేసిన ఒక్క పాట కూడా అట్లా లేదు. దయ్యమే అయితే, అది కూడా ఓబులేసు పక్షమే అనుకుని కుళ్లిపోయాను.

మూడు నెలలు ఓర్చుకుని ఆళ్లగడ్డ పోయాను. షెడ్డులో రాతి మీద కూర్చుని ఓబులేసుకు అంతా చెప్పేశాను. అక్క రికార్డు చేసింది వేశాను. అతను కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఇది నాది కాదన్నా" అన్నాడు.

"ఉలి చప్పుడు వినపడతాంది గదప్పా?"

"అదే చెప్తాండా. అక్క పాడిన పొద్దు మేస్త్రీలంతా ఉలులు కింద పెట్టి ఇన్నారు. నా దాంట్లో ఒక్క దెబ్బ గూడా లేదు. అక్కనే అడుగు."

తర్వాత అడిగాను. అవును, అందరూ ఆపి విన్నారు అనే చెప్పింది అక్క.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. అతనిది కాదు, అంతే చాలు అనిపించింది. ఓబులేసు నన్నే చూస్తున్నాడు. కోప్పడతాడనుకున్నాను.

"తీసేస్తే తీసేసినావులే. ఒక్కసారన్నా ఇన్లేదా అన్నా?" అన్నాడు.

చుట్టూ ఉలులు మోగుతున్నాయి.

ఆ పొద్దున కొమ్ముల్లోంచి వచ్చింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నాది కాదని లెక్క చెబుతోంది. ఓబులేసుది కాదని ఓబులేసు చెబుతున్నాడు, అక్క చెబుతోంది. అవునో కాదో నేను కూడా చెప్పగలిగేవాణ్ణి, తీసేసే ముందు ఒక్కసారి విని ఉంటే.