తిరగేసిన ఏనుగు

చిన్నప్పుడు చదరంగంలో నన్ను ఓడించిన ప్రతిసారీ, మావయ్య చంపిన బంటుతోనే నా నెత్తిన మొట్టి అందరికీ చూపించి నవ్వేవారు. పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయిందని తెలిశాక, బోర్డు పట్టుకుని భవానీపురం వెళ్లాను.

ఆయన నేర్పినట్టే మంత్రి ముందు బంటును రెండు గళ్లు జరిపి మొదలుపెట్టాను. ఎప్పుడో ఆట కట్టించగలిగినా కట్టించలేదు. పావులన్నీ ఒక్కొక్కటే చంపి ఆయన కళ్లముందు పేర్చాను. నా బంటు చివరి గడికి చేరగానే, చచ్చిన ఏనుగును తిరగేసి రెండో మంత్రిగా నిలబెట్టాను. ఆ కక్షలో చూసుకోలేదు. ఆయనకు మిగిలిన ఒక్క రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. ఆట డ్రా అయింది.

“మావయ్యను ఓడించడానికి మనసొప్పలేదు కదూ, నాన్నా!” అంటూ అత్తయ్య కళ్లొత్తుకుంది.

అవునని తలూపాను. కాదని చెప్పడానికి మావయ్యకు మాట రాదుగా.