పద్నాలుగో నంబరు గార్డు

పెట్టె ముప్పై కిలోలు దాటకూడదని టికెట్టు మీద స్పష్టంగా ఉంది. పనిముట్ల డబ్బా ఒక్కటే పదకొండు తూగింది. మెకానిక్కు భార్య స్ప్రింగు త్రాసు కొక్కేన్ని డబ్బా పిడికి తగిలించి, రెండు చేతులా పైకెత్తి, ముల్లు చూసి, ధబ్బున కింద పెట్టింది.

"మీరు వెళ్తోంది ఉద్యోగానికా, అక్కడ ఇనప కొట్టు పెట్టడానికా? చెప్పండి, దుప్పటి తియ్యనా, చొక్కాలు తియ్యనా?"

"డబ్బా తప్ప ఏదైనా తియ్యి."

"పోనీ అందులోని చెత్త ఏరి పారేద్దాం. సగం పాత ముక్కలేగా!"

ఆమె చెయ్యి అడుగు అర వైపు వెళ్లేసరికి "నేను చూసుకుంటాలే" అని డబ్బాను తన వైపు లాక్కున్నాడు.

పదహారేళ్లుగా అతడు కుట్టు మిషన్లు బాగుచేస్తున్నాడు. విప్పిన భాగాన్ని పారేయడం అతని పద్ధతిలో లేదు. దాని మీద మిషను నంబరు చెక్కుతాడు. విప్పిన తేదీ రాసిన చీటీని దారంతో కడతాడు. తిరిగి బిగించే రోజు వచ్చేదాకా డబ్బా అడుగున దాస్తాడు. అంతదాకా ఆ ముక్క ఆ మిషనుది, తనది కాదు. ఫ్యాక్టరీలో అతని మాటకు తిరుగులేకపోవడానికి కారణం ఈ పద్ధతే.

ఇప్పుడా అడుగు అరలో ఉన్నది పద్నాలుగో నంబరు మిషను గార్డు. బొటనవేలంత వంపు కమ్మీ. సూది కిందికి వేలు పోకుండా అడ్డుపడటం తప్ప దానికి వేరే పని లేదు. అది ఉంటే గుడ్డ తిప్పడం ఆలస్యమవుతోందనీ, ఆర్డరు పూర్తయ్యేదాకా తీసెయ్యమనీ సూపర్‌వైజరు చెప్పాడు. ఇతడు తీశాడు. నంబరు చెక్కాడు, చీటీ కట్టాడు. తొమ్మిదో రోజున ఆ మిషను మీద కుడుతున్న అమ్మాయి చూపుడు వేలి ఎముకలోకి సూది దిగి విరిగింది. ఆ వేలు ఇక వంగదు. విచారణ మొదలయ్యేలోగా ఆ మిషనుకు కొత్త గార్డు బిగించేశారు.

విచారణకు వచ్చిన అధికారి ఇతణ్ణి అడిగింది ఒకటే ప్రశ్న: ఆ రోజు గార్డు ఉందా? ఇతడు చెప్పింది ఒకటే మాట: ఉంది. ఆ మాట కింద సంతకం పెట్టాడు. మరుసటి వారమే యజమానుల విదేశీ ఫ్యాక్టరీలో ఉద్యోగమిస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఎవరూ లంచమనలేదు. లంచాన్ని లంచమని పిలిచే అలవాటు ఆ ఆఫీసులో లేదు. పదోన్నతి అన్నారు, చేతులు కలిపారు.

ఆ కమ్మీని పారేద్దామని రెండుసార్లు మురుగు కాలువ దాకా తీసుకెళ్లాడు. రెండుసార్లూ పిడికిలి విడలేదు. అది నిజాయితీ కాదు, ఉత్త అలవాటు. ఆ తేడా అతనికి బాగా తెలుసు. అందుకే అద్దంలో ముఖం చూసుకోవాలన్నా సిగ్గేసేది. చివరికి భార్య అటు తిరిగినప్పుడు దాన్ని ఒక మేజోడులో చుట్టి పెట్టె మూలన దూర్చాడు. సముద్రం అవతల దాన్ని చూసేదెవరు?

అప్పుడే తలుపు చప్పుడైంది.

"అన్నా, ఉన్నావా, అప్పుడే ఎగిరిపోయావా?"

పద్నాలుగో మిషను అమ్మాయే. ఫ్యాక్టరీ అంతా ఆమెను వాగుడుకాయ అంటుంది. చంకలోని గుడ్డ చుట్టను మంచం మీద పరిచింది. మందపాటి గుడ్డకు వరసగా జేబులు: పెద్ద రెంచికి పెద్దది, నూనె బుడ్డికి గుండ్రంది.

"ఎడం చేత్తో తోసుకుంటూ కుట్టాను. వంకరుంటే నవ్వకు. పనిముట్లన్నీ ఇందులో చుట్టేసి ఆ ఇనప డబ్బా ఇక్కడే పడేసెయ్. నాలుగు కిలోలు మిగుల్తాయి. వదినా, మెట్ల దాకా వినపడింది, నీ దుప్పటి బతికిపోయింది!"

"ఈ బుర్ర మా ఇద్దరికీ లేకపోయిందే!" అని భార్య నవ్వింది.

అతడు ఆ కుట్ల మీద చూపు నిలపలేక గోడ వైపు తిరిగాడు.

"సోమవారం ఆఫీసువాళ్ల రాజీ కాగితం మీద సంతకం పెట్టేస్తున్నా అన్నా. తప్పు నాదేనని రాశారు."

"నీదెలా అవుతుంది?"

"గార్డు లేదనే నాకు గుర్తు. ఒట్టు, కళ్లకు కట్టినట్టుంది. కానీ ఉందని నువ్వు చెప్పావంటగా. నువ్వు అబద్ధమాడవు. మరి నా బుర్రే తప్పన్నమాట. ఆ నొప్పిలో ఏం చూశానో ఏంటో!"

ఆమె వేలిని చెడగొట్టింది సూది. తన కళ్లను తానే నమ్మలేని స్థితికి ఆమెను తెచ్చింది ఇతని మాట. ఈ రెండో గాయం ఏ వైద్యుడి కాగితంలోనూ లేదు. నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది అతనికి. నేల చీలలేదు. పెట్టె మూలనుంచి మేజోడు లాగి, కమ్మీని ఆమె అరచేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని తిప్పి చూసింది. పద్నాలుగు. చీటీ మీద తేదీ చదివింది. రోజులు వేళ్ల మీద లెక్కపెట్టబోయింది. చూపుడు వేలు మడత పడలేదు. లెక్క అక్కడే ఆగిపోయింది.

ఆమె కమ్మీని వంగని ఆ వేలి పక్కన పెట్టి చూసుకుంది.

"ఇది ఇనప ముక్క" అంది. "ఎక్కడిదో అంటారు. ఇది మాట్లాడదు. నువ్వు మాట్లాడాలి."

కమ్మీని ఒక జేబులో పెట్టి, గుడ్డను మళ్లీ చుట్ట చుట్టి చంకన పెట్టుకుంది. "ఇది మా అన్న కోసం కుట్టాను" అని, ఇక వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

భార్య అడగకముందే అతడు అంతా చెప్పేశాడు.

"అయితే ఈ ఉద్యోగం అందుకా ఇచ్చింది?"

అతడు తలూపాడు.

"మా ఆయన పనితనం చూసి పిలిచారని వీధి వీధంతా చెప్పుకున్నానే!" ఆమె మంచం అంచున కూలబడింది. ఇన్నాళ్లూ అతనిదైన సిగ్గు ఇప్పుడు ఆమె ముఖం మీద కూడా కనబడింది. అది చూడటం అన్నిటికన్నా కష్టమైంది.

అతడు టికెట్టు పక్కన పడున్న తెల్లకాగితం తీశాడు. 'పద్నాలుగో మిషనుకు ఆ రోజు గార్డు లేదు. విప్పినది నేనే.' ఇంతవరకు చెయ్యి సాగింది. ఉందని చెప్పినదీ నేనే అన్న మూడో వాక్యం దగ్గర కలం మొరాయించింది.

ఆమె లేచి పెట్టెలోంచి చొక్కాలు ఒక్కొక్కటే బయటికి తీసి, దులిపి, కొక్కేలకు తగిలించసాగింది.

"రాయండి" అంది, అతని వైపు చూడకుండా. "తొందరగా రాసి పట్టుకెళ్లండి. ఆ పిల్ల ఇంకా వీధి మలుపు దాటి ఉండదు."